అనుపానము కనుగొన్న వైద్యుడు : హైన్రిక్ బ్రౌన్

మన దేశపు వైద్యములో అనుపానమను మాట యొకటి కలదు. మందు వేరు, అనుపానము వేరు. కొన్ని మందులను తేనెతో పుచ్చుకొందురు. కొన్నింటిని అల్లపు రసముతోను, మరికొన్నింటిని వేడినీళ్లతోను పుచ్చుకొందురు. తేనె తానుగా ఆ రోగమును మాన్పదు. మందు తన పనిని చక్కగా నెరవేర్చుటకు అది తోడుపడును. ఇట్టి తోడుమందులు పాశ్చాత్యుల శస్త్రవైద్యములో కూడ కలవు. నేడు చేయి విరిగినవానికి ఎముకను సరిచేయునపుడు ఆతనికి స్పృహ పోగొట్టవలసిన పనిలేదు. చేతికి పోవు నరముల చెంత మందు నెక్కించినచో చేయి మాత్రము మొద్దుబారును. రోగి మెలకువతోనే పండుకొనియుండును. ఆ మందు గంటలకొలది నిలుచుటకును, దేహమునకు హాని చేయకుండుటకును దానికి మరియొక మందును తోడుగా కలుపుదురు. ఈ తోడుమందు మర్మమును శాస్త్రీయముగా శోధించి, లోకమునకు అందించిన మహావైద్యుడు జర్మనీ దేశస్థుడైన హైన్రిక్ బ్రౌన్.

బ్రౌన్ 1862వ సంవత్సరము జనవరి 1వ తేదీన రావిచ్ అను పట్టణమున జన్మించెను. ఆ కాలమున ఆ పట్టణము ప్రష్యా రాజ్యములో చేరియుండెను. నేడది పోలండు దేశమున నున్నది. ఆతడు స్ట్రాస్‌బుర్గ్, గ్రైఫ్స్‌వాల్డ్, లైప్‌జిగ్ విశ్వవిద్యాలయములలో వైద్యవిద్య నభ్యసించెను. పిదప హాలే నగరమునకు పోయి, రిచర్డ్ ఫోక్‌మన్ అను శస్త్రవైద్యునికడ సహాయకుడుగా పనిచేసెను. ఫోక్‌మన్ ఆనాటి జర్మనీలో పేరెన్నికగన్నవాడు. గాయములు కుళ్లకుండ శుభ్రముగా నుంచు లిస్టరు పద్ధతిని జర్మనీలో వ్యాపింపజేసిన వారిలో ఆతడు ముఖ్యుడు. మారుపేరుతో పిల్లలకు కథలు వ్రాసి ప్రసిద్ధిగాంచినవాడు కూడ ఆతడే. అట్టి గురువుకడ బ్రౌనునకు కత్తి పట్టు నేర్పుతోపాటు, రోగి పడు బాధను గమనించు కన్ను కూడ అలవడెను.

బ్రౌన్ వైద్యుడగునాటికి శస్త్రవైద్యము ఏ స్థితిలో నుండెనో తెలిసికొన్నగాని ఆతని కృషి విలువ తెలియదు. 1846వ సంవత్సరమునకు పూర్వము రోగిని నలుగురు బలముగా పట్టుకొనగా వైద్యుడు కోత కోసెడివాడు. ఆ యేడు అక్టోబరు నెలలో అమెరికా దేశమందలి బోస్టన్ నగరమున మార్టన్ అను దంతవైద్యుడు ఈథరు ఆవిరిని పీల్పించి, నొప్పి తెలియకుండ శస్త్రచికిత్స చేయింపవచ్చునని పదిమంది యెదుట నిరూపించెను. మరుసటి యేడే క్లోరోఫారము వాడుకలోనికి వచ్చెను. లోకము సంతోషించెను. కాని ఆ సంతోషము వెంటనే భయము కూడ వచ్చెను. 1848వ సంవత్సరమున ఇంగ్లండులో పదునైదేండ్ల బాలికకు కాలిగోరు తీయుటకై క్లోరోఫారము పీల్పించిరి. కొలది నిమిషములలోనే ఆమె ప్రాణము విడిచెను. గోరు తీయుటవంటి చిన్న పనికి ప్రాణమునే పణముగా పెట్టవలసి వచ్చెను. నొప్పియున్న అవయవము నొక్కదానినే మొద్దుబారజేసి, మనిషిని మెలకువగా నుంచు ఉపాయము లేదా యని వైద్యులు ఆలోచింపసాగిరి.

ఆ ఉపాయము 1884వ సంవత్సరమున దొరకినది. దక్షిణ అమెరికాలో పెరుగు కోకా ఆకులనుండి కొకెయిను అను పదార్థమును 1860 ప్రాంతముననే వేరుచేసియుండిరి. వియన్నా నగరములో కార్ల్ కోలర్ అను యువవైద్యుడు దాని ద్రావణమును మొదట కప్ప కంటిలోను, తరువాత తన కంటిలోను వేసికొని చూచెను. గుండుసూది మొనతో కనుగ్రుడ్డును తాకినను నొప్పి తెలియలేదు. ఆ సంవత్సరము సెప్టెంబరు 15వ తేదీన హైడెల్‌బెర్గ్ నగరమందలి నేత్రవైద్యుల సభలో ఈ సంగతి వెల్లడియయ్యెను. ప్రయాణమునకు డబ్బు లేక కోలర్ ఆ సభకు పోలేకపోయెను. ఆతని వ్యాసమును వేరొక వైద్యుడు చదివి వినిపించెను. కొలది వారములలోనే ఆ వార్త ఖండములు దాటిపోయెను.

అమెరికాలో న్యూయార్కు నగరమున విలియం హాల్‌స్టెడ్ అను శస్త్రవైద్యుడు ఆ వార్తను చదివి, మరియొక అడుగు ముందునకు వేసెను. కంటిపై మందు వేసిన కన్ను మొద్దుబారును. మరి నరముపైననే మందు వేసినచో ఆ నరము వ్యాపించియున్న మేర అంతయు మొద్దుబారవలెను గదా! చేతికి పోవు నరములన్నియు మెడప్రక్కన ఒక చోట కూడి, అల్లికగా నేర్పడి, చంకగుండ చేతిలోనికి దిగును. 1885 ప్రాంతమున హాల్‌స్టెడ్ మెడవద్ద కోసి, ఆ నరముల కూడలిని కంటితో చూచుచు దానిపై కొకెయిను ప్రయోగించెను. చేయి యంతయు మొద్దుబారెను. ఇది గొప్ప విజయమే. కాని దానికి హాల్‌స్టెడ్ చెల్లించిన వెల చాల పెద్దది. ఆతడును ఆతని స్నేహితులును ఒకరికొకరు కొకెయిను సూదులు పొడుచుకొని పరీక్షలు చేసిరి. తెలియకుండనే ఆ మందునకు బానిసలైరి. హాల్‌స్టెడ్ ఆసుపత్రిలో చేరి చికిత్స పొందవలసి వచ్చెను. తరువాత బాల్టిమోరు నగరములో మహాశస్త్రవైద్యుడని కీర్తి పొందినను, మత్తుమందుల పీడ ఆతనిని చిరకాలము వదలలేదు.

కొకెయినుతో చిక్కులు రెండు. అది విషము; మోతాదు కొంచెము మించినచో రోగికి వణుకు పుట్టి, మూర్ఛలు వచ్చి, గుండె యాగిపోవును. అట్లు మరణించినవారు కొందరు కలరు. పోనీ, మోతాదు తగ్గింతమన్నచో మొద్దుబారుట చాలినంతసేపు నిలువదు. శస్త్రచికిత్స సగములో నుండగనే నొప్పి తెలియును. ఈ రెండు చిక్కులకును మూల మొక్కటియే. రైతు మడికి నీరు పెట్టును. గట్టు గట్టిగా నున్నచో కొద్ది నీరైనను మడిలో నిలిచి పైరునకు పట్టును. గట్టునకు గండి పడినచో ఎంత నీరు పెట్టినను నిలువక, దిగువనున్న పొరుగువాని కల్లములోనికి పోయి ధాన్యమును తడుపును. నరముచెంత పెట్టిన మందును రక్తము ఈ విధముగనే కొట్టుకొనిపోవును. మందు నరమువద్ద లేకపోవుటచేత పని చెడును. గుండెకును మెదడునకును చేరుటచేత ప్రాణమునకు ముప్పు కలుగును.

ఈ గండి నరికట్టు తెరువును 1885వ సంవత్సరముననే న్యూయార్కు వైద్యుడైన లెనార్డ్ కోర్నింగ్ కొంతవరకు కనిపెట్టెను. చేతిలో కొకెయిను నెక్కించి, దానికి పైభాగమున రబ్బరుపట్టీ బిగించినచో రక్తప్రసారము తగ్గి, మొద్దుబారుట చాలసేపు నిలుచుచుండెను. హాలే నగరములో ఓబర్స్ట్ అను వైద్యుడు వ్రేలి మొదట రబ్బరుత్రాడు కట్టి ఈ పద్ధతితోనే వ్రేళ్లకు చికిత్స చేయుచుండెను. కాని మెడకు పట్టీ కట్టలేము. చంకకును, దవడకును, కడుపునకును కట్టలేము. కట్టు బిగించిన చోట రోగికి నొప్పియు కలుగును. కనుక కోర్నింగ్ ఉపాయము వ్రేళ్లకు, ముంజేతికి సరిపోయెనేగాని శరీరమంతటికి పనికిరాలేదు.

హాలేనుండి బ్రౌన్ లైప్‌జిగ్ నగరమునకు వచ్చి శస్త్రవైద్యము చేయసాగెను. ఆ కాలముననే బెర్లినులో ఒక కలకలము పుట్టెను. 1892వ సంవత్సరమున జరిగిన శస్త్రవైద్యుల సభలో కార్ల్ లుడ్‌విగ్ ష్లైక్ అను వైద్యుడు లేచి, మిక్కిలి పలుచని కొకెయిను ద్రావణమును కోయవలసిన చోటనే చర్మములోనికి, కండలోనికి ఎక్కించినచో చాలునని చెప్పెను. అంతటితో నూరకుండక, ఇక స్పృహ తప్పించి కోత కోయుట న్యాయముకాదని కూడ పలికెను. సభలోనివారు కోపించి ఆతనిని కూర్చుండబెట్టిరి. ఈ కలహములో కొందరు ష్లైకును పొగడిరి, మరికొందరు తెగడిరి. బ్రౌన్ ఆ రెండు పక్షములలో దేనియందును చేరలేదు. చెప్పినవాడు ఎవడని చూడక, చెప్పినది నిజమా కాదా యని పరీక్షించుటకు పూనుకొనెను.

ఆ పరీక్షలకు ఆతడు ఎన్నుకొన్న స్థలము తన ముంజేయియే. సన్నని సూదితో చర్మములోనికి ఒక్కొక్క ద్రావణమును కొంచెము కొంచెముగా ఎక్కించుకొనును. అక్కడ దోమకాటు దద్దురువంటి చిన్న పొక్కు లేచును. ఎక్కించునపుడు మంట కలిగెనా, స్పర్శ ఎప్పుడు పోయెను, ఎప్పుడు మరల వచ్చెను, తరువాత వాపు గాని గట్టిదనము గాని మిగిలెనా యని గడియారము చూచుచు వ్రాసికొనును. ఈ విధముగా ఆతనికి కొన్ని సత్యములు తేటపడెను. ఉప్పు చాలని నీరు కణములను ఉబ్బించి మంట పుట్టించును. దేహములోని ద్రవములకు సమానమైన ఉప్పు గల నీటిలో మందు కలిపినచో కండకు హాని లేదు. ష్లైక్ చెప్పిన పలుచని ద్రావణము మంచిదే. కాని ఆతడు వాడిన నీటిలో ఉప్పు చాలలేదు. ఇట్లు మంచిని గ్రహించి, లోపమును దిద్దుట బ్రౌనుకు స్వభావము. కోత స్థలమంతట మందు నింపుటకంటె, ఆ స్థలమునకు పోవు నరమునే దారిలో అడ్డగించుట మేలని ఆతడు నమ్మెను. ఆ పద్ధతికే తన జీవితమును ధారపోసెను.

తరువాత ఆతడు రక్తప్రసారమును గూర్చి ఆలోచించెను. రబ్బరుపట్టీ బిగించినను, చర్మమును మంచువలె చల్లబరచినను ఫలితమొక్కటే. మందు నిదానముగా కరగిపోవును, మొద్దుబారుట నిలుచును. కండలో రక్తము చురుకుగా పారునపుడు మందు త్వరగా తరలిపోవును. మందముగా పారునపుడు ఉన్నచోటనే యుండును. మరి పట్టీతో పనిలేకుండ, మందు పెట్టిన చోటనే రక్తనాళములను ముడుచుకొనజేయు వస్తు వేదియైన దొరకునా? దొరకినచో ఆ వస్తువే కంటికి కనబడని కట్టుగా పనిచేయును.

అట్టి వస్తువు అప్పుడే శాస్త్రజ్ఞుల చేతికి వచ్చుచుండెను. మూత్రపిండములపైన టోపీలవలె రెండు చిన్న గ్రంథులు కలవు. వాని సారము రక్తనాళములను ముడుచుకొనజేయునని 1894 ప్రాంతమున లండనులో ఆలివరు, షాఫరు అను శాస్త్రజ్ఞులు కనుగొనిరి. ఆ సారమునుండి స్ఫటికరూపమున శుద్ధపదార్థమును వేరుచేసి 1901వ సంవత్సరమున లోకమునకు ప్రకటించినవాడు అమెరికాలో నివసించుచుండిన జపానీయుడు జోకిచి టకమీనే. ఆ పదార్థమునకే అడ్రినలిన్ అని పేరు. దానిని కంటిలో వేసినచో ఎర్రని కన్ను తెల్లబడును. ముక్కులో వేసినచో నెత్తురు కారుట ఆగును. అందుచేత నేత్రవైద్యులును, ముక్కు గొంతు వైద్యులును దానిని ముందుగా వాడసాగిరి.

బ్రౌన్ అడ్రినలిన్‌ను కొకెయినుతో కలిపి చూచెను. మరల ఆ ముంజేయియే, మరల ఆ గడియారమే. కొకెయిను మాత్రమే యున్న పొక్కులో స్పర్శ త్వరగా తిరిగివచ్చెను. అడ్రినలిన్ ఇసుమంత కలిపిన పొక్కుచుట్టును చర్మము తెల్లగా పాలిపోయెను. స్పర్శ చాలసేపటివరకు రాలేదు. అంతకుముందు చాలని మోతాదు ఇప్పుడు చాలెను. మందు తక్కువ, బలము ఎక్కువ, విషము స్వల్పము! ఈ సంగతులన్నింటిని బ్రౌన్ 1903వ సంవత్సరమున ఒక పెద్ద వ్యాసముగా ప్రకటించెను. రబ్బరుపట్టీ చేయు పనిని మందే చేయుచున్నది గనుక వైద్యులు దీనిని రసాయనపు కట్టు అని చెప్పుకొనిరి. రైతు మాటలో చెప్పవలెనన్న, మడికి గట్టు దొరకినది.

అయినను తోడుమందు కూడ మందే. దానికిని మితము కావలెను. అడ్రినలిన్ హెచ్చైనచో గుండె దడదడ కొట్టుకొనును, రక్తపు పోటు పెరుగును, ముఖము పాలిపోవును. కనుక ఎంత తక్కువ కలిపినచో పని జరుగునో అంతకు మించి కలుపరాదని బ్రౌన్ పట్టుబట్టెను. ఈనాడు నరములచెంత వాడు ద్రావణములలో సాధారణముగా రెండులక్షల పాళ్లకు ఒక పాలు అడ్రినలిన్ కలుపుదురు. అనగా రెండువందల లీటర్ల నీటిలో ఒక్క గ్రాము మాత్రమే. అంత స్వల్పమైన వస్తువు అంత పని చేయుట ఆశ్చర్యమే.

గట్టు దొరకినది గాని నీరు ఇంకను విషజలమే. కొకెయినుకు బదులు హానిలేని వేరొక మందు కావలెనని ఎందరో రసాయనశాస్త్రజ్ఞులు వెదకుచుండిరి. మ్యూనిక్ నగరమున ఆల్ఫ్రెడ్ ఐన్‌హార్న్ అను రసాయనశాస్త్రజ్ఞుడు ఎన్నో యేండ్లు శ్రమపడి ఒక కొత్త పదార్థమును తయారుచేసెను. దానికి నొవొకెయిను అని పేరు పెట్టిరి. కొత్త కొకెయిను అని దాని యర్థము. 1905వ సంవత్సరమున బ్రౌన్ దానిని, అప్పుడే వచ్చిన స్టొవెయిను, అలిపిన్ అను వేరు రెండు మందులను పక్కపక్కన పెట్టి పరీక్షించెను. ఆ రెండును కండను రేపుచుండెను. నొవొకెయిను మాత్రము ఏ మంటయు పుట్టించలేదు, విషము చాల తక్కువ. కాని దానికొక లోపము కలదు; దాని బలము మిక్కిలి త్వరగా తగ్గిపోవును. ఒంటరిగా వాడినచో అది దాదాపు నిష్ప్రయోజనము. వేరొకడైనచో దానిని అవతల పారవేసి యుండెడివాడు. బ్రౌన్ దానికి అడ్రినలిన్‌ను తోడు చేసెను. ఒంటరిగా నిలువలేని మందు తోడు దొరకగానే కొకెయినును మించినది. ఆ నాటినుండి కొకెయినును సూదితో ఎక్కించు వాడుక క్రమముగా అంతరించెను. హాల్‌స్టెడ్‌వంటి వైద్యులను బానిసలుగ జేసిన ఆ విషము శస్త్రవైద్యుని సూదినుండి తప్పుకొనెను.

ఆ 1905వ సంవత్సరముననే బ్రౌన్ తన అనుభవమునంతయు ఒక గ్రంథముగా వెలువరించెను. ఏ నరము ఎక్కడినుండి ఎక్కడికి పోవును, సూది ఎచట గుచ్చవలెను, ఎంత లోతునకు పోవలెను, ఎంత మందు ఎక్కింపవలెను అనునవి బొమ్మలతో వివరించిన ఆ గ్రంథము పలుమార్లు ముద్రణమై, 1914వ సంవత్సరమున ఆంగ్లములోనికి కూడ వచ్చెను. ఆయినను ఆతడు తన పద్ధతియే అంతటికిని మందని పిడివాదము చేయలేదు. చిన్నపిల్లలకును, మిగుల భయపడువారికిని, కొన్ని పెద్ద శస్త్రచికిత్సలకును స్పృహ పోగొట్టుటయే తగినదని ఆతడెరుగును. అందుకై ఈథరు, క్లోరోఫారములను పాళ్లు మార్చి పీల్పించు ఉపకరణమును ఆతడే కల్పించెను. విరిగిన కాలిని ఎత్తుగా ఆనించి యుంచు ఆతని ఊతకు నేటికిని బ్రౌన్ పేరే నిలిచియున్నది.

1906వ సంవత్సరమున బ్రౌన్ సాక్సనీలోని త్సివికావ్ పట్టణపు ఆసుపత్రికి అధిపతిగా వెళ్లెను. అది పెద్ద విశ్వవిద్యాలయము గల నగరము కాదు. బొగ్గుగనులు, కర్మాగారములు గల పట్టణము. గనిలో రాయి పడినను, యంత్రములో చిక్కినను మొదట నలుగునది పనివాని చేయియే. చేయి పోయిన పనివానికి కూడు పోయినట్లే. అట్టి చేతిని నిదానముగా, శ్రద్ధగా సరిచేయుటకు వైద్యునకు వ్యవధి కావలెను. ఆ వ్యవధిని ఇచ్చునది నరమువద్ద నిలుచు మందు. కాని హాల్‌స్టెడ్ వలె ప్రతివానికిని మెడకోసి నరములను వెలికి తీయుట సాధ్యము కాదు.

ఆ చిక్కును విడదీసినవాడు బ్రౌను ఆసుపత్రిలోనే పనిచేయు డీడ్రిక్ కూలెన్‌కాంఫ్ అను యువవైద్యుడు. భుజమునుండి మెడ క్రిందికి అడ్డముగా నున్న జత్రుకాస్థికి నడుమ, కొంచెము పైగా చేయి నుంచినచో ఒక ధమని కొట్టుకొనుట తెలియును. చేతి నరముల కూడలి దాని చెంతనే, మొదటి ప్రక్కటెముకపై చేరియుండును. చర్మము కోయకుండనే అచట సన్నని సూది గుచ్చినచో, మొన నరమును తాకగానే వ్రేళ్లవరకు జివ్వుమని తిమ్మిరి పాకును. అప్పుడు నొవొకెయిను, అడ్రినలిన్‌ల ద్రావణము నెక్కింపవలెను. 1911వ సంవత్సరమున కూలెన్‌కాంఫ్ ఈ పద్ధతిని మొదట తన దేహముపైననే పరీక్షించుకొనెను. గురువుకు ముంజేయి పరీక్షాస్థలమైనట్లు, శిష్యునకు మెడయే పరీక్షాస్థలమైనది! ఆ యేడే హైడెల్‌బెర్గ్ నగరమున హిర్షెల్ అను వైద్యుడు చంకగుండ సూది గుచ్చు వేరొక పద్ధతిని ప్రకటించెను. మెడవద్ద గుచ్చునపుడు ప్రక్కటెముక క్రిందనున్న ఊపిరితిత్తికి సూది తగులు ప్రమాదము లేకపోలేదు. జాగరూకుడైన వైద్యుడు ఆ సంగతిని ఎన్నడును మరువరాదు. ఏమైనను చేతి శస్త్రచికిత్సకు స్పృహ పోగొట్టవలసిన అగత్యము ఆ యేటితో చాలవరకు తీరిపోయెను.

బ్రౌన్ త్సివికావ్ పట్టణమున ఇరువది యేండ్లకు పైగా పనిచేసెను. అచట ఆతని పర్యవేక్షణలో ఒక కొత్త ఆసుపత్రి రూపొంది, యుద్ధకాలపు కష్టములను దాటి 1921వ సంవత్సరమున తెరవబడెను. నేడు ఆ ఆసుపత్రి బ్రౌన్ పేరుతోనే వెలయుచున్నది. 1928వ సంవత్సరమున ఆతడు ఉద్యోగము విరమించెను. పిదప కాన్‌స్టన్స్ సరస్సు ఒడ్డుననున్న ఊబర్‌లింగెన్ పట్టణమున, 1934వ సంవత్సరము ఏప్రిల్ 26వ తేదీన పరమపదించెను. అప్పటికాతని వయస్సు 72 ఏండ్లు. స్థానికముగా మొద్దుబారజేయు విద్యకు తండ్రి యని వైద్యులు ఆతనిని నేటికిని గౌరవింతురు.

బ్రౌన్ గతించిన పిమ్మట ఆ విద్య ఇంకను వృద్ధిపొందినది. నొవొకెయిను స్థానమున 1948నుండి లిగ్నొకెయిను, తరువాత బుపివకెయిను మొదలైన బలమైన మందులు వచ్చినవి. 1990ల నుండి ధ్వనితరంగములతో నరమును తెరపై చూచుచు సూది గుచ్చు పద్ధతి వ్యాపించినది. ఇప్పుడు ఊపిరితిత్తిని, ధమనిని చూచి తప్పించుకొనవచ్చును. తోడుమందులు కూడ పెరిగినవి. క్లొనిడిన్, డెక్స్‌మెడెటోమిడిన్ అనునవి మొద్దుబారుటను పొడిగించును. కాని గుండె వేగమును, రక్తపు పోటును తగ్గించు స్వభావము వానికి కలదు. డెక్సామెథసోను కొన్ని మిల్లీగ్రాములు చేర్చినచో చికిత్స జరిగిన రాత్రి నొప్పి లేకుండ నిద్రించు రోగులు పెక్కుమంది. అయితే దానిని నరముచెంత నుంచుట మేలా, రక్తనాళములో నిచ్చినను చాలునా యను చర్చ వైద్యులలో నడచుచునే యున్నది. మందులు మారినవి గాని ప్రశ్న మారలేదు. ఏ తోడు మేలుచేయును, ఎంత మోతాదు, ఏ హాని లేకుండ? బ్రౌన్ తన ముంజేయి ముందుంచుకొని గడియారము చూచుచు వేసికొన్న ప్రశ్న అదియే.

బ్రౌన్ కొకెయినును కనుగొనలేదు, అడ్రినలిన్‌ను కనుగొనలేదు, నొవొకెయినును తయారుచేయలేదు. ఒకటి గొట్టింగెన్‌లో, ఒకటి అమెరికాలో, ఒకటి మ్యూనిక్‌లో ఎవరెవరి చేతులలోనో పుట్టినవి. దేనికి ఏది తోడగునో ఆతడు గుర్తించెను. ఆ గుర్తింపునకు కావలసినది మెరుపువంటి మేధ మాత్రమే కాదు. ఇతరుల మాటను ద్వేషము లేకుండ వినుట, విన్నదానిని పరీక్షింపక నమ్మకుండుట, పరీక్షకు పరులకంటె ముందు తన చేతిని చాచుట, ఫలించిన వస్తువును గూడ మితముగ వాడుట, ఇవియు కావలెను. ఈ గుణములన్నియు బ్రౌనునందు చేరియుండెను. నేడు ఏ పనివాని విరిగిన చేయియో నొప్పి తెలియక అతుకుకొనుచుండగా, ఆతడు మెలకువతో పండుకొని ఇంటివారిని గూర్చి వైద్యునితో నాలుగు మాటలాడుచున్నాడన్న, ఆ ప్రశాంతత వెనుక త్సివికావ్ వైద్యుని ముంజేతిపై లేచిన ఆ చిన్న పొక్కులు కలవు.